నాలుగు ప్రశ్నలకు నాలుగు ‘లేదు’లు

నాగరాణి నోటికి తాళం వేయగల మనిషి తాండూరులో ఇంకా పుట్టలేదు. హెచ్‌ఐవీ ఉందని కొత్తగా తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వికారాబాద్‌లో మందులిచ్చే సెంటర్‌కు తీసుకెళ్లడం ఆమె పని. తనకూ అదే ఉంది. పన్నెండేళ్లుగా రోజూ మాత్ర వేసుకుంటోంది. ఆ సంగతి పక్కింటివాళ్లకు చెప్పదు గానీ, పక్కింటివాళ్ల సంగతులన్నీ రైలు వికారాబాద్ చేరేలోపు చెప్పేస్తుంది.

ఆ బుధవారం ఆమె వెంట ఇస్మాయిల్ ఉన్నాడు. నాపరాళ్లకు పాలిష్ పట్టే మిషన్ మీద పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు, చొక్కా ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. తాండూరు రాళ్ల పనివాళ్ల దృష్టిలో దగ్గు జబ్బు కాదు, హాజరు పట్టీ. దగ్గు వినపడితే మనిషి పనిలోకి వచ్చాడని లెక్క.

పోయినవారం పేరు రాయించుకోవడానికి వచ్చినప్పుడు, సెంటర్ బయట బెంచీ మీద మోమిన్‌పేట్ వెంకటేశం అనే పెద్దమనిషి అతనికి పాఠం చెప్పాడు. లోపల నాలుగు ప్రశ్నలు అడుగుతారట. దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గావా, రాత్రి చెమటలు పడుతున్నాయా అని. ఒక్కదానికి ఉందన్నా, టీబీ ఉందేమోనని తెమడ పరీక్షకు పంపుతారట. మాత్రలు ఆ రోజు చేతికి రావట. అందుకని నాలుగింటికీ లేదని చెప్పి సంచి నింపుకుని పొమ్మన్నాడు. బెంచీ మీది డాక్టర్లు ఫీజు తీసుకోరు కాబట్టి వాళ్ల మాట తొందరగా తలకెక్కుతుంది.

ఇస్మాయిల్‌కు మాత్రలు ఆ రోజే కావాలి. భార్య తరన్నుమ్‌కు పరీక్షలో ఏమీ లేదని తేలింది. తాను మాత్రలు మొదలుపెట్టి, ఒంట్లో వైరస్ పూర్తిగా అణిగితే ఆమెకు అంటదని విన్నాడు. అప్పటి నుంచి ఒక్కో రోజు ఆలస్యం ఒక్కో పాపంలా తోస్తోంది. రైల్లో ఈ పథకమంతా నాగరాణికి చెప్పి, దగ్గు రాకుండా లవంగం బుగ్గన పెట్టుకున్నాడు. నాగరాణి వాదించలేదు. ఆమె వాదించలేదంటే ఏదో తలపెట్టిందని అర్థం. పాపం, ఇస్మాయిల్‌కు ఆమెతో పరిచయం కొత్త.

లోపల కౌన్సెలర్ సింధుజ నాలుగు ప్రశ్నలూ అడిగింది. ఇస్మాయిల్ గడగడా లేదు, లేదు అన్నాడు. బరువు దగ్గర మాత్రం కొంచెం ఆగి, తమది పుట్టుకతోనే సన్నటి ఖాందాన్ అని వివరణ ఇచ్చాడు. సింధుజ అనుమానంగా నాగరాణి వైపు చూసింది. వెంట తెచ్చినవాళ్ల మీద చాడీ చెప్పడం నాగరాణి తత్వానికి సరిపడదు. నవ్వించడానికి మాత్రం ఆమెకు ఏ అభ్యంతరమూ లేదు.

తన మొదటి తెమడ పరీక్ష కథ ఎత్తుకుంది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బీని గూట్లో పెట్టి పడుకుందట. అత్త సుమిత్రమ్మకు ఆకు వక్క అలవాటు. మూత గట్టిగా ఉన్న డబ్బీ దొరికింది కదా అని నిండా సున్నం నింపుకుందట. పొద్దున్నే నాగరాణి చూసుకోకుండా దాన్నే పట్టుకెళ్లి ఇస్తే, ల్యాబాయన మూత తీసి చాలాసేపు చూసి, “అమ్మా, నీకు టీబీ లేదు, లోపల సున్నం బట్టీ ఉన్నది” అన్నాడట.

ఇస్మాయిల్ పెదవులు బిగించాడు. భుజాలు ఊగాయి. లవంగం ఎగిరి సింధుజ రిజిస్టర్ మీద పడింది. ఆ వెనకే రైల్లోంచి ఉగ్గబట్టుకున్న దగ్గంతా వచ్చింది. ఆగేసరికి కళ్ల నిండా నీళ్లు. సింధుజ అతని చేతికి తెమడ డబ్బీ ఇచ్చింది.

బయటికి రాగానే ఇస్మాయిల్ నాగరాణి మీద విరుచుకుపడ్డాడు. “నోటికాడికొచ్చిన మాత్రలు పోగొట్టినవ్ అక్కా. నీకేం దుష్మనీ నామీద?”

లోపల టీబీ దాగి ఉండగా ఈ మాత్రలు మొదలుపెడితే అది ఒక్కసారిగా ఎగదన్నుతుందని, టీబీ తేలితే ముందు దాని మందులు ఇచ్చి, ఒంటికి పడ్డాక రెండు వారాల్లో ఇవీ మొదలుపెడతారని, ఇప్పుడు మాత్రలు ఎవరికీ లేవనరని నాగరాణి చెప్పింది. అతను నమ్మలేదు. అప్పుడు ఆమె బెంచీ చివర కూర్చుంది. ఈసారి ఆమె ముఖంలో నవ్వు లేదు.

“మా ఆయన మహేష్‌కు కూడ గిదే రోగం తమ్మీ. గప్పుడు రక్త పరీక్షల రోగాన్ని తట్టుకునే బలం తగ్గినోళ్లకే మందులు. బలం ఉన్నా, టీబీ ఉందంటె ఇచ్చెటోళ్లు. ఆయనకు బలం ఉండె, దగ్గు గూడ ఉండె. దగ్గుతున్నవని చెప్పకు, తిప్పలు పెడ్తరు అని నేనే నేర్పిన. ఏం లేదన్నడు. ఆర్నెల్లకు రమ్మన్నరు. నాలుగో నెలల పోయిండు.”

ఇస్మాయిల్ తల వంచుకున్నాడు. డబ్బీ మూత తిప్పి తీశాడు. తర్వాత ఎవరూ లేని ప్రహరీ మూలకు వెళ్లి, అటు తిరిగి డబ్బీలోకి గుండెల్లోంచి గట్టిగా దగ్గాడు. నాగరాణి దూరంగా నిలబడి విన్నది. ఆ రోజు మహేష్‌ను కూడా ఇలా దగ్గనిస్తే బాగుండేది.