మీటరాయన చెయ్యి

మీటరాయన పొద్దుట్నుంచీ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. బండ్ల మీటర్లలో కదలని ముళ్ళని కదిలించడమే ఆయన పని. "ముళ్ళతో పనిచేసీ చేసీ ముళ్ళ మీద కూర్చోవడం అలవాటైపోయింది మీకు," అని నవ్వింది భార్య. ఇద్దరికీ కలిపి ఒకటే గది. వీధివైపు ఆవిడ కుట్టుమిషను, లోపల కిటికీ కింద ఆయన బల్ల.

బల్ల మీద ఓ పాతకాలం కారు మీటరు విప్పి ఉంది. కారు రిటైరైన టీచరుగారిది. వాళ్ళ నాన్న కొన్నది. వేగం చూపించే ముల్లు బాగానే లేస్తోంది కానీ, తిరిగిన దూరం చూపించే అంకెలు కదలడం మానేశాయి.

"పెట్రోలు ముల్లు ఎప్పుడో పోయింది మేస్త్రీగారూ. ఎంత తిరిగానో చూసుకునే పెట్రోలు పోయించుకుంటాను. మొన్న నడిరోడ్డు మీద ఆగిపోయాను. రేపు పొద్దున్నే మా అక్క దగ్గరికి చాలా దూరం పోవాలి," అన్నారు టీచరుగారు పొద్దున కారు తెచ్చినప్పుడు.

"సాయంత్రానికి ఇచ్చేస్తానండీ," అని మాటిచ్చేశాడు.

జబ్బేమిటో ఇట్టే దొరికింది. లోపల పళ్ళచక్రం ఒకటి చిట్లింది. పాత సామాన్లలో వెతికి అలాంటిదే తీశాడు. అసలు తంటా ఆ తరవాత మొదలైంది. అంకెల చక్రాలన్నీ సన్నటి ఊచకి గుచ్చి, చక్రానికీ చక్రానికీ మధ్య పెసరగింజంత పళ్ళచక్రాన్ని నిలబెట్టాలి. సరిగ్గా అప్పుడే కుడిచెయ్యి వణికింది. చక్రాలు జారి బల్లంతా దొర్లాయి. మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ అంతే.

వెలుతురు చాలడం లేదని బల్ల జరిపాడు. కుర్చీ ఊగుతోందని కాలి కింద కాగితం మడిచి పెట్టాడు. మిషను చప్పుడుకి బల్ల అదురుతోందని భార్యని కసిరాడు. ఆవిడ మిషను ఆపేసింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఇక దేనిమీద నెపం వెయ్యాలో తోచక చెప్పులేసుకుని బయటపడ్డాడు. వీధి చివరిదాకా వెళ్ళి, టీచరుగారికి చేతకాదని చెప్పేద్దామని ఫోను తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి భార్య బల్ల దగ్గర వంగి చూస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"మీ చెయ్యి. గ్లాసులో టీ సగానికే పోస్తున్నాను, గమనించలేదా?"

గమనించాడు. పాలు చాలలేదేమో అనుకున్నాడు. అలా అనుకుంటే ఏ గొడవా ఉండదు కదా.

"నాన్నకీ ఇలాగే మొదలైంది," అన్నాడు చివరికి, గోడ వైపు చూస్తూ. "ఆఖర్లో చొక్కా బొత్తాలు మేమే పెట్టేవాళ్ళం."

ఆవిడ కుర్చీ లాక్కుని, కళ్ళజోడు సవరించుకుంది.

"చెప్పండి. ఏది ముందు?"

ఆయన చెప్తుంటే ఆవిడ గుచ్చింది. ఏళ్ళ తరబడి సూదిలో దారం ఎక్కించిన వేళ్ళవి. కుదురుగా నిలవలేకపోయింది ఆయనే.

"ఎడమకి, ఎడమకి! అయ్యో, అటు కాదు!"

"ఎదురుగా నిలబడి ఎడమంటే ఎవరి ఎడమండీ? ఇటు వచ్చి నోరు మూసుకుని పట్టకారు అందించండి."

అందించాడు.

సాయంత్రం మీటరు కారులో బిగించాక, అంకెలు తిరుగుతున్నాయో లేదో చూద్దామని ముగ్గురూ బయల్దేరారు. టీచరుగారు నడుపుతున్నారు, ఆయన పక్కన, భార్య వెనక. చివరి అంకె మెల్లగా తిరిగింది. అది తొమ్మిది దాటి సున్నాలోకి వచ్చేటప్పుడు పక్క అంకెని కూడా వెంట లాక్కుపోవాలి. లేదంటే పడ్డ కష్టమంతా వృథా.

"మేస్త్రీగారూ, మీరలా మీదికి వంగితే నాకు రోడ్డు కనపడదు," అన్నారు టీచరుగారు.

తొమ్మిది కిందికి జారింది. పక్క అంకె సగం కదిలి తటపటాయించి, మెల్లగా తిరిగి కుదురుకుంది. వెనకసీట్లో ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది.

"మీ చెయ్యి చాలా మంచిదండీ," అన్నారు టీచరుగారు.

ఆయన వెనకసీటు వైపు తిరిగాడు. "బిగించింది మా ఆవిడండీ. నా చెయ్యి వణుకుతోంది." పరాయివాళ్ళ ముందు ఆ మాట అనడం అదే మొదలు.

మర్నాడు ఆవిడ పట్టుబట్టి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. వణుకు పూర్తిగా పోదు కానీ మందులతో కొంత అదుపులో ఉంటుందన్నాడు డాక్టరు. ఇప్పుడు మీటర్లు విప్పడం ఆయన వంతు, బిగించడం ఆవిడ వంతు. కుట్టడానికిచ్చిన బట్టలు వేళకి రావడం లేదని వీధిలో అందరూ ఆయన్నే తిడుతున్నారు.