మల్లయ్య సభలో నా మహోపన్యాసం

సభలో మాట్లాడటానికి లేచి, కాళ్ళు వణికి కూలబడిన వాళ్ళ కథలు మీరు చాలానే విని ఉంటారు. నాది అలాంటి కథ కాదు. నా కాళ్ళు వణకలేదు. వణికినా బాగుండేది! నేను ధారాళంగా, దివ్యంగా మాట్లాడి ఒక మంచి మనిషికి జన్మలో దొరికిన ఒకే ఒక్క సభను నాశనం చేశాను.

డెబ్బయ్యో దశకం చివర్లో, వరంగల్‌లో ఒక హైస్కూల్లో కొత్తగా టీచరుగా చేరాను. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో గెలిచిన మూడు కప్పులూ, హనుమకొండ బస్టాండులో కొన్న పుస్తకమూ నా ఆస్తి. సభలో జనాన్ని ఎలా కట్టిపడెయ్యాలో ఆ పుస్తకం నేర్పుతుంది. కట్టిపడేశాక ఎప్పుడు విప్పాలో అందులో లేదు.

మా స్కూలు చప్రాసీ మల్లయ్య రిటైరవుతున్నాడని సన్మానం పెట్టుకున్నాం. ముందురోజు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, రేపు నేను గూడ మైకుల నాలుగు ముచ్చట్లు చెప్పాలె. కేసముద్రం దగ్గర ఊర్లున్న మా అక్క వస్తాంది. అమ్మానాయిన పోయినంక కూలికి పోయి నన్ను సాదింది. పదిమందిల ఆమె పేరు చెప్పాలనున్నది."

"ఫికర్ చెయ్యకు మల్లయ్యా! ముందు నేను మాట్లాడతా. నన్ను చూసి నేర్చుకో, చివర్లో నువ్వు అందుకో."

"జర జల్ది కానియ్యుండ్రి సారూ. అక్కకు అయిదింటి ప్యాసింజరున్నది."

"అయిదు నిమిషాలే!" అన్నాను.

మర్నాడు మూడున్నరకు మైకు నా చేతికి వచ్చింది. ప్రశ్నతో మొదలుపెట్టమంది పుస్తకం. "మానవుడనగా ఎవరు?" అన్నాను. జవాబూ నేనే చెప్పుకున్నాను, అరగంటసేపు. ఒక ముఖాన్ని ఎంచుకుని చూస్తూ మాట్లాడమంది పుస్తకం. ముందు వరుసలో కొత్త చీర కట్టుకుని కూర్చున్న మల్లయ్య అక్కను ఎంచుకున్నాను. పాపం, ఆమె కళ్ళు తిప్పుకోలేక అలాగే బిగుసుకుపోయింది.

హెడ్మాస్టరు గారు చీటీ పంపారు. అందులో "టైం" అని ఒకే మాట ఉంది. కాలం గురించి చెప్పమంటున్నారనుకుని కాలమహిమ మీద మరో పావుగంట వాయించాను. వాక్యం మధ్యలోనే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎంత రసజ్ఞులో అనుకున్నాను! ఇంతలో ఆ ముసలమ్మ లేచి వేదికకేసి చేతులు జోడించింది. నా మాటలకు కదిలిపోయిందనుకుని గొంతు మరింత పెంచాను. కదిలి పోయిన మాట నిజమే, స్టేషనుకు.

నేను ముగించాక మల్లయ్య మైకు ముందుకు వచ్చాడు. ఖాళీ కుర్చీని చూశాడు. "అందరికి దండాలు" అని వెళ్ళి కూర్చున్నాడు.

"నాలుగు ముచ్చట్లన్నావు కదా?" అని గుసగుసగా అడిగాను.

"అక్క బండికి పాయె సారూ. ఇంకెవలికి చెప్పాలె?"

అప్పుడైనా నాకు బుద్ధి రాలేదు. పది రోజుల తర్వాత మల్లయ్య ఏవో కాగితాల కోసం స్కూలుకు వస్తే మళ్ళీ అడిగాను. "మీ అక్కకు నా ఉపన్యాసం నచ్చిందా?"

మల్లయ్య తల గోక్కున్నాడు. "మొన్న ఊరికి పోతే అడిగింది సారూ. 'తమ్మీ, గా సారు ఎవల గురించి గంత మంచిగ చెప్పిండు? పాపం, ఆయన ఎట్ల సచ్చిపోయిండు?' అని."

అప్పుడు గుర్తుకొచ్చింది. 'ఈ కర్మయోగి', 'ఆ త్యాగమూర్తి' అన్నానే తప్ప మల్లయ్య పేరు ఒక్కసారి కూడా పలకలేదు.

"మరి నువ్వు చెప్పాలనుకున్నది చెప్పావా?"

"చెప్తే ఊకోమన్నది. పదిమందిల చెప్తే కాదనకపోతుండె."

ఆమె మళ్ళీ వరంగల్ రాలేదు. ఆ చలికాలంలోనే చనిపోయింది. మల్లయ్యకు మళ్ళీ ఎవరూ మైకు ఇవ్వలేదు. నాకు మాత్రం ఇస్తూనే ఉన్నారు.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సభ ఎవరిదైనా సరే, వాళ్ళు మాట్లాడి కూర్చునేదాకా నేను మైకు ముట్టను. ముట్టవలసి వస్తే ముందు వాళ్ళ పేరు చెబుతాను. ఆ వెంటనే, వాళ్ళు ఇంకా బతికే ఉన్నారని కూడా చెబుతాను.