పసుపు కుంకుమ చేను

మా పుట్టింట్లో ఎవరైనా నాతో మెత్తగా మాట్లాడితే నాకు అనుమానం మొదలవుతుంది. ఆ వారం నాన్న పదేపదే ఫోన్ చేశాడు. నా మోకాళ్ల నొప్పులు అడిగాడు, అల్లుడి షుగర్ ఎంతుందో అడిగాడు, చివరికి అసలు సంగతికి వచ్చాడు. "ఆదివారం మీటింగు ఉందమ్మా. హైదరాబాద్ నుంచి ఒకాయన వస్తడు. నువ్వు ముందే రా, పనుంటది" అన్నాడు. అల్లుడి షుగర్ సంగతి నాన్న అడగడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

ఆ ఒకాయన ఆస్తులున్న కుటుంబాలకు సలహాలు చెప్పే మనిషి. పొలాలు, రైస్ మిల్లు, పెట్రోల్ బంకు, ఖమ్మంలో కాంప్లెక్సు అన్నీ ఒక ఫ్యామిలీ ట్రస్టులో పెడితే, రేపు అప్పులవాళ్లు గానీ కోర్టుకెక్కే చుట్టాలు గానీ వాటిని ముట్టుకోలేరని తమ్ముడికి చెప్పాడట. "ఇది ఆస్తికి రక్షణ అక్కా" అన్నాడు తమ్ముడు ఫోన్లో. ఎవరి నుంచిరా రక్షణ అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ ఆస్తిలో నాదనుకున్నది నాలుగెకరాలు. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద నాన్న ఇచ్చిన చేను. మా ఊరు సత్తుపల్లి పక్కనే, చేను మాత్రం దమ్మపేట దాటి అడవి అంచున ఉంది. పామాయిల్ తోట. దానికి రిజిస్ట్రేషన్ లేదు. నాన్న మాట ఉంది, గెలలు అమ్మితే వచ్చినది ఏటా నా ఖాతాలో వేయడం ఉంది, అంతే. మా తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా వాళ్లలో చాలామంది ఆడపిల్లలకు ఇలాగే ఇస్తారు. కాగితం అడిగితే పుట్టింటిని నమ్మడం లేదని అర్థం, అందుకని ఎవరూ అడగరు. ట్రస్టు అన్న మాట వినగానే నాకు ముందు తట్టింది అదే. అందరి బియ్యం ఒకే గంగాళంలో పోస్తే నా బియ్యం ఏవో ఎవరు చెబుతారు?

శుక్రవారం వెళ్లేసరికి ఇల్లంతా కాగితాల వాసన. డైనింగ్ టేబుల్ మీద పాస్‌పుస్తకాలు, పాత దస్తావేజులు, జిరాక్సులు. మరదలు వాటిని ఏ ఊరి భూమికి ఆ ఊరి కవరులో పెడుతోంది. నన్ను చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. తమ్ముడికి ఫోన్ వస్తే వరండాలోకి వెళ్లి మాట్లాడుతున్నాడు. వంటింట్లో అమ్మ వంటామెతో గుసగుసలాడుతూ నేను గడప తొక్కగానే ఆపేసింది. ఏమిటమ్మా అంటే, ఆదివారం గుత్తొంకాయ చేయాలా వద్దా అని, అంది. గుత్తొంకాయకు గుసగుసలెందుకో నాకు అర్థం కాలేదు. వచ్చిన గంటలోనే ముగ్గురి మీదా కన్నేసి ఉంచాను.

హైదరాబాద్ ఆయన ఇంటివాళ్లందరినీ ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండమన్నాడట. మరదలే చెప్పింది.

"నోటిమాటగా ఎవరికన్నా ఏదన్నా ఇస్తామని చెప్పి ఉంటే అందరి ముందర చెప్పాలంట వదినా. దాచిపెడితే రేపు వాళ్లొచ్చి ట్రస్టు మీద కేసేస్తరంట."

ఆ మాట అంటూ నా మొహంలోకే చూసింది. నేను కవర్లు ఒక్కొక్కటే తిరగేశాను. దమ్మపేట కవరు లేదు.

"నా చేను కాగితాలేవి?"

మరదలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అది వేరే అక్కా. అది ట్రస్టులోకి రాదు. నాన్ననడుగు" అన్నాడు.

నాన్నను అడిగాను. "నీ చేను ఎటు పోతది? నీది నీకుంటది. మీటింగుల మాత్రం దాని ఊసెత్తకు" అన్నాడు. ఎందుకన్నాను. "చెప్పిన కదమ్మా" అని టీవీ గొంతు పెంచాడు.

నాకు విషయం తేలిపోయింది. తమ్ముడు నా చేనును ఎక్కడో తాకట్టు పెట్టాడు, లేదా మరదలి పేరు మీదికి మార్చాడు. మరదలి అన్న ఖమ్మంలో లాయరు, ఈ తెలివి అతనిదే అయి ఉంటుంది. అమ్మకు ఈ సంగతి తెలుసు, అందుకే ఆ గుసగుసలు. నాన్న పెద్దవాడైపోయాడు, కొడుకు ఏం చెబితే అది నమ్ముతున్నాడు. పాపం నాన్న, అనుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున అమ్మకు ఓ ముచ్చట పుట్టింది. హైదరాబాద్ ఆయనకు అడ్డాకు విస్తరిలో భోజనం పెట్టాలి. తోట దగ్గర ఉండే ఒకామె అడవి నుంచి ఆకు తెచ్చి బాగా కుడుతుంది. నేను తెస్తానని లేచాను. "నువ్వెందుకక్కా, డ్రైవర్‌ను పంపిస్త" అన్నాడు తమ్ముడు. అంత మాట అన్నాక నేను ఆగుతానా? కారు తాళాలు తీసుకుని బయల్దేరాను.

దమ్మపేట దాటాక దారికి రెండు పక్కలా పామాయిల్ తోటలే. గెలల ట్రాక్టర్లు అడ్డం వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి తిట్టుకుంటూ పోయాను. తోట చివర గుడిసె ముందు ఆమె కూర్చుని వెదురు పుల్లలతో ఆకులు కుడుతోంది. కోయవాళ్ల మనిషి, నాకంటే కొంచెం పెద్దది. ఇదివరకు వచ్చినప్పుడు కారులోంచే చూశాను. తోట కాపలావాళ్ల కూతురని చెప్పేవారు.

విస్తర్ల సంగతి చెప్పి అరుగు మీద కూర్చున్నాను. మెల్లగా కూపీ లాగుదామని, మా తమ్ముడు ఈ మధ్య వచ్చాడా, ఎవరినైనా తెచ్చి చేను కొలిపించాడా అని అడిగాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మీ నాయన పంపిండా?"

"లేదక్కా. విస్తర్ల కోసమే వచ్చాను."

"విస్తర్లకు ఎప్పుడు డ్రైవరే వస్తడు. నువ్వెందుకొచ్చినవమ్మా?"

నిన్నటి నుంచీ నేను మరదలి వైపు ఎలా చూస్తున్నానో ఆమె నా వైపు అలాగే చూస్తోంది. మళ్లీ తనే అంది.

"సంతకం కోసమైతే నేను పెట్ట."

"ఏం సంతకం?"

"చేను మీదేనని సంతకం."

"నా చేనుకు నీ సంతకమెందుకు?"

"నీ చేనేంది?" అంది ఆమె. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

ఆ ప్రాంతమంతా ఏజెన్సీ. గిరిజనుల భూమి మాలాంటి వాళ్ల పేరు మీదికి మారకూడదని చట్టం. ఈ జిల్లాలో పుట్టిన ఎవరికైనా అది తెలుసు. మనది మాత్రం చట్టానికి ముందు నాటి పాత పట్టా అని నాన్న చెప్పేవాడు. నాన్న చెప్పాడు కాబట్టి నేను నమ్మాను. ఆమె చెప్పింది వేరు. చేను వాళ్ల అయ్యది. నాన్న కౌలుకు తీసుకుని పామాయిల్ మొక్కలు పెట్టించాడు. అయ్య పోయాక పట్టా ఆమె పేరు మీదికి వచ్చింది. పాస్‌పుస్తకం మాత్రం మా నాన్న బీరువాలోనే ఉంది.

"నీ పెండ్లి కుదిరినప్పుడు మీ నాయన వచ్చిండు. పెండ్లోళ్లు చేను చూస్తానికి వస్తరు, మాదని చెప్త, మీరు కనబడకుండ్రి, పిల్ల పెండ్లి కానియ్, మీ చేను మీకిస్త అన్నడు. ఆ రోజు మా అయ్య మమ్మల్ని ఇంట్ల పెట్టి తడిక మూసిండు. అయ్యకు దగ్గొస్తుంటె నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నడు. మేం తడిక సందులకెళ్లి చూసినం."

నాకు ముందు ఆమె మీదే మండింది. అబద్ధం అనుకున్నాను. ఎవరో నేర్పించి పెట్టారు, మీటింగు సంగతి ఇక్కడిదాకా పాకింది అనుకున్నాను.

"ముందు నడిచిన పెద్దాయన చెప్పులిడిచి, మట్టి చేతులకు తీసుకుని వాసన చూసిండు" అంది ఆమె.

ఆ పెద్దాయన మా మామగారు. ఇంటికి వచ్చి, కోడలి చేను మట్టి బంగారం అని చెప్పారట. చనిపోయేదాకా చుట్టాలందరికీ ఆ మాట చెప్పుకునేవారు. ఆ రోజు నేనెంత పొంగిపోయానో నాకు గుర్తుంది. ఇక నాకు వెతుక్కోవడానికి అనుమానం మిగల్లేదు.

"పెండ్లయినంక అయ్య పోయి అడిగిండు. కాపు మొదలైంది, కొన్నేండ్లు ఆగు అన్నడు. అయ్యే పోయిండు గని కాపు అయిపోలే" అంటూ మళ్లీ ఆకు అందుకుంది. "నీకేమని చెప్పిండు మీ నాయన?"

"ఆ చేను నాదేనని."

"నాకు గూడ గంతే" అంది.

విస్తర్ల కట్ట కారులో పెట్టుకుని వచ్చేశాను. ఇంట్లో నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆమె చెప్పింది చెప్పి, నిజమేనా అని అడిగాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నీకు ఏ ఏడన్నా తక్కువ చేసిన్నా?"

"లేదు."

"వాళ్లనేమన్నా ఎల్లగొట్టిన్నా? గుడిసె గుడిసె లెక్కనే ఉంది. పనిస్తున్న, కూలిస్తున్న. ఇద్దరూ మాదే అనుకుని ఇన్నేండ్లు నిమ్మళంగ ఉన్నరు. దాన్నెందుకు కదిలిస్తవ్?"

ఆ మాట చెప్పేటప్పుడు నాన్న ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది. ఇంట్లో అందరినీ అనుమానించాను, ఆయన్ని తప్ప. తమ్ముడికి తెలుసు, మరదలికి తెలుసు, అమ్మకూ తెలుసు. తెలియనిది నాకూ మా ఆయనకూ చనిపోయిన మా మామగారికీ. నాకు ఏడుపొచ్చింది. నాన్న ముందు ఏడవడం ఇష్టం లేక లోపలికి వెళ్లిపోయాను.

ఆదివారం హైదరాబాద్ ఆయన వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు, కాఫీలో చక్కెర వద్దన్నాడు. అందరం హాల్లో కూర్చున్నాం. ట్రస్టు అంటే ఏమిటో ఓపిగ్గా చెప్పి, పెన్ను తీసి ఆ ప్రశ్న అడిగాడు. నోటిమాటగా ఎవరికైనా ఏమైనా ఇస్తామన్నారా? తమ్ముడు లేదన్నాడు. మరదలు లేదంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. "మా ఇంట్ల అట్లాంటివి ఉండవండి" అన్నాడు నాన్న.

నా వంతు వచ్చింది. నేను పెద్ద ధర్మాత్మురాలిని కాదు. లేదంటే ఏటా వచ్చేది వస్తూనే ఉంటుంది. ఉందంటే నాలుగెకరాలు నా నోటితోనే పోతాయి, ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పుకోవాలి, పుట్టింటి గడప తొక్కాలంటే ముందూ వెనకా చూసుకోవాలి. అదంతా ఆలోచిస్తూనే ఉన్నాను. కానీ ఊరుకుంటే, తడిక వెనక దగ్గు ఆపుకుని కూర్చోమని ఈసారి నేనే వాళ్లకు చెప్పినట్టు అనిపించింది.

"ఉంది. మా నాన్న ఒక మాట ఇచ్చారు. దమ్మపేట అవతల నాలుగెకరాల తోట, దాని సొంతదారులకు తిరిగి ఇచ్చేస్తానని" అన్నాను.

తమ్ముడు అక్కా అని ఆగిపోయాడు. నాన్న నా వైపు చూడలేదు. హైదరాబాద్ ఆయన వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అన్నాడు.

"మా అమ్మాయి ఎప్పుడో పెండ్లయి పోయిన మనిషండి. ఇక్కడి సంగతులు ఆమెకు తెలవదు. మీరు కానియ్యండి."

నేను పుట్టిన ఇంట్లో, నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని అన్న మాట అది. హైదరాబాద్ ఆయన పెన్ను పట్టుకుని నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూశాడు. "సార్, రాయమంటారా వద్దా?" అన్నాడు.



"రాయండి. సొంతదారు పేరు చెబుతాను" అన్నాను.

చెప్పబోతే పేరు రాలేదు. ఆ అరుగు మీద అంతసేపు కూర్చున్నాను, ఆమె పేరు అడగలేదు. పాస్‌పుస్తకం బీరువాలో పెట్టుకున్న నాన్నకు తెలుసు. ఆమె పేరేమిటి నాన్నా అని అడిగాను. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. హైదరాబాద్ ఆయన పెన్ను కాగితం మీద అలాగే ఆగి ఉంది. నాకు తల తీసేసినట్టయింది.

అప్పుడు వెనక నుంచి, వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ ఆమె పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన రాసుకున్నాడు.