థర్మాకోల్ లేని పాఠం

పక్క తరగతిలో ఎవరో బ్లేడుతో థర్మాకోల్ కోస్తున్నారు. ఆ కీచుమనే చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి, సులోచన మేడమ్ గుర్తొచ్చారు. సూరత్‌లో నేను ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నప్పుడు పర్యావరణం చెప్పింది ఆమే. ఆమెదీ మాలాగే మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం. క్లాసులో గుజరాతీ మాట్లాడేవారు, వరండాలో నాతో తెలుగు.

మాకు పర్యావరణ స్పృహ ఎంత ఉందో కొలవాలని ఒకసారి ఆమె ప్రశ్నపత్రం ఇచ్చారు. ప్లాస్టిక్ వాడకూడదని అందరం రాశాం, అందరికీ బ్రహ్మాండంగా మార్కులొచ్చాయి. మేడమ్ ముఖంలో మాత్రం సంతోషం లేదు. బడుల్లో మా బోధనాభ్యాసం ముగిసిన మర్నాడు పాత సామాన్లు కొనే అతన్ని పిలిపించి, మేం చేసిన బోధనోపకరణాలన్నీ ముందు పెట్టించారు. 'భూమిని కాపాడుదాం' అని మెరుపు పొడితో రాసిన థర్మాకోల్ గోళాలే ఎక్కువ. అతను చార్టులు తీసుకుని, మిగతాది ఎవరికీ పనికిరాదని వెళ్లిపోయాడు.

"మీకు ఎంత ఎరుకనో కాయితం మీద చూసిన. ఇగ అలవాటు సంగతి గీ కుప్పను చూస్తే తెలుస్తలేదా?" అన్నారు మేడమ్.

చివరి పరీక్ష పాఠానికి థర్మాకోల్ ముట్టొద్దన్నారు. పరీక్షకులు మోడల్ తళుకు చూసే మార్కులు వేస్తారని అందరికీ తెలుసు. మార్కులు తగ్గితే చీరలు మడతపెట్టే పనికి పోవాల్సిందేనని మగ్గం నడిపే మా బాపు ముందే తేల్చేశాడు. అయినా మేడమ్ మాట కాదనలేక, బట్టలకు రంగులద్దే మిల్లు బయట పారేసిన గుడ్డపీలికలు, ఒక బకెట్ పట్టుకుని నీటి కాలుష్యం పాఠం చెప్పడానికి తెలుగు మీడియం బడికి వెళ్లాను.

పిల్లలు ఎగబడి గుడ్డలు తడిపి పిండారు. నీళ్లు ఎర్రబడ్డాయి. "టీచర్, మా గల్లీ మోరిల నీళ్లు గిట్లనే ఉంటయ్!" అని ఒక పాప అరిచింది. పరీక్షకుడు మాత్రం మోడల్ ఏదని అడిగి, లేదనగానే మార్కులు కోసేశాడు. మేడమ్ ఎంత వాదించినా వినలేదు.

వరండాలో ఏడుస్తుంటే ఆమె వచ్చి పక్కన కూర్చున్నారు.

"నా మీద కోపమొస్తున్నదా బిడ్డా?"

"వస్తున్నది మేడమ్. మీకేంది, మీ నౌకరీ మీకున్నది."

"నిజమే. మీ బాపుతోని నేను మాట్లాడుత."

మాటవరసకు అన్నారనుకున్నాను. సాయంత్రానికే మా గదికి వచ్చారు. "మార్కులు నా వల్ల తగ్గినయ్, అన్నా. పిల్ల మంచిగనే చెప్పింది. జర ఒక్క ఏడాది ఆగు" అని మా బాపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బాపు కంగారుపడి స్టూలు వేశాడు. ఆ ఏడాది గడువులోనే నాకు సూరత్ పక్కనున్న పల్సానాలో ఈ బడి ఉద్యోగం దొరికింది.

ఆమె అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. పిల్లలకు ఏ మంచి అలవాటు నేర్పబోయినా, దాని వల్ల ఇంట్లో తిట్లు తినేది వాళ్లే కదా అని ఆలోచిస్తాను. అవసరమైతే వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడటానికి చెప్పులేసుకుని వాళ్లింటికి బయలుదేరతాను.