ఇవోరీ వదిలేసిన ఎర్రపండు

మూతుల నిండా ఎర్రగా పూసుకుని మొగలిపండు గుజ్జు నాకుతున్నారే, మన ఊరి ఇవోరీ నలభై ఒక్కేళ్లు దీన్నెందుకు ముట్టలేదని ఒక్కరైనా అడిగారా? తినడం తప్ప ఏం తెలుసర్రా మీకు!

మన దీవి మీద పెద్ద యుద్ధం జరిగే రోజులవి. ఇవోరీకి ఇరవై రెండేళ్లు. చేమదుంపలు తవ్వుతుంటే మబ్బులోంచి సైనిక విమానమొకటి దిగి కొండకు గుద్దుకుంది. ఊరంతా అడవిలోకి పరిగెత్తితే, ఆమె ఒక్కతే పొగ వైపు పరిగెత్తింది. పైలట్ కాలు విరిగి బయట పడున్నాడు. లోపల నెరిసిన జుట్టాయన ప్రాణం పోయి ఉన్నాడు. ఆయన చాలా పెద్ద ఆఫీసరని పైలట్ సైగలతో చెప్పాడు.

ఎంత పెద్దవాడైతేనేం, పక్కన ఏడ్చే మనిషి లేడు. ఇవోరీ ఒళ్లంతా బురద పూసుకుని గొంతెత్తి ఏడ్చింది. మన ఆచారం ప్రకారం, పోయినవాడి కోసం మొదట ఏడ్చినవాళ్లు ఇష్టమైన తిండి వదలాలి కదా. పోయినవాడి రక్తసంబంధీకులు చేత్తో పెడితేనే మళ్లీ ముట్టాలి. ఆమె ఎర్ర మొగలిపండు వదిలింది.

మొగుడు సోగే నెత్తి కొట్టుకున్నాడు. "ఓసి పిచ్చిదానా! వాళ్లు సముద్రం దాటొచ్చి నీకు ముద్దలు పెడతారా? ఏదో చేదు ఆకు వదలొచ్చుగా!"

"ఇష్టం లేనిది వదిలితే అదేం ఏడుపయ్యా?"

మర్నాడు సైనికులొచ్చి శవాన్నీ పైలట్‌నూ మోసుకెళ్లారు. "మీలో ఆయన చుట్టమెవరు?" అని ఇవోరీ సైగలతో అడిగింది. ఎవరూ కారు. డబ్బా మాంసం చేతిలో పెట్టి వెళ్లిపోయారు. దాన్ని సోగే తిన్నాడు.

ఏటా పండు ఎర్రబడేది. ఆమే ఉడికించి, పిసికి, అందరికీ వడ్డించి చేతులు కడుక్కునేది. ఒకసారి సోగే దుంపలో కాస్త గుజ్జు దాచి పెడితే, వాసన పట్టి వాడి ముఖానే కొట్టింది.

"ఆయన పరలోకంలో ఉన్నాడమ్మా, తిను," అన్నాడు పాస్టరు.

"అయితే దిగొచ్చి పెట్టమనండి."

నలభై ఒకటో ఏట తెల్లజుట్టు దొరసాని ఒకామె చేతికర్రతో కొండెక్కి వచ్చింది. పేరు హేజెల్, ఆ ఆఫీసరు కూతురు. పైలట్ మంచం పట్టాక, ఎవరో పల్లెపడుచు మీ నాన్న కోసం ఏడ్చిందని చెప్పాడట.

మన బడి పంతులు ఆమె మాటలు మన భాషలో చెబుతూ, "నీకేం కావాలో అడుగుతోంది పిన్నీ," అన్నాడు.

ఇవోరీ గుజ్జు గిన్నె ఆమె ముందుకు తోసి నోరు తెరిచింది. పంతులు సంగతి చెప్పాక హేజెల్ వేళ్ల కొసలతో చిటికెడు ముద్ద తీసింది.

"పెద్దది చెయ్యమనరా! పిట్టకు పెడుతోందా?"

హేజెల్ ఏడుస్తూనే నవ్వి, చెయ్యి నిండా తీసి పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టింది.

ఆ ఏటి పండ్ల కాపు ముగియకముందే ఇవోరీ పోయింది. అరవై మూడేళ్లు.