చేతులు చాలన్నారు

ఏజెంటు తాతాజీ అరచేతిలో లేసు సూది దిగిన సంగతి మొగల్తూరులో అందరూ చెప్పుకుంటారు. ఎందుకు దిగిందో మాత్రం తలా ఒక రకంగా చెబుతారు. సూర్యకళకి పొగరని కొందరు, సినిమా పిచ్చి పట్టిందని కొందరు. వాళ్ళ నోళ్ళు పడిపోను, కళ్ళారా చూసినవాళ్ళే ఇలా మాట్లాడితే ఒళ్ళు మండదూ?

సూర్యకళకి నలభై ఆరేళ్ళు. పదో ఏట సూది పట్టింది. అప్పట్నుంచీ వసారాలో గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని దారంతో పువ్వులు అల్లుతూనే ఉంది. దారం తాతాజీ ఇస్తాడు, పువ్వులు తాతాజీయే పట్టుకెళతాడు. అవి ఏ దేశంలో ఎవరి గౌను అంచుకి చేరతాయో ఆమెకి తెలియదు. అల్లింది ఎవరో ఆ తొడుక్కునేవాళ్ళకీ తెలియదు. మనిషి కారునలుపు, పళ్ళు కాస్త ఎత్తు. పెళ్ళిళ్ళలో ఫోటో తీసేటప్పుడు "నువ్వు వెనక్కి నిలబడవే" అని అనిపించుకుంటూనే ఇంత వయసొచ్చింది.

అలాంటి ఆమెని వెతుక్కుంటూ గీతిక అనే డైరెక్టరు హైదరాబాదు నుంచి వచ్చింది. ఫ్యాషన్ పత్రిక నడిపే ఆడవాళ్ళ మీద సినిమా తీస్తోందట.

"ఆ పత్రికల్లో ఎప్పుడూ ఒకే రకం ముఖాలండి. తెల్లగా, సన్నగా. ఆ బట్టల వెనక ఉన్నవాళ్ళు ఒక్కరూ కనపడరు. నా సినిమాలో మీరు కనపడాలి సూర్యకళగారూ. 'ఈ లేసు అల్లింది నేను' అని మీ నోటితో మీరే చెప్పాలి" అంది.

ఆ ఒక్క ముక్కనీ సూర్యకళ వారం రోజులు అద్దం ముందు చెప్పుకుంది. వీధంతా టాంటాం వేసింది. పుట్టి బుద్ధెరిగాక తన ముఖం ఒకరికి కావలసిరావడం ఇదే మొదలు మరి.

తాతాజీ లేసు గోడౌనులో షూటింగు పెట్టారు. పొద్దున్న ఆమె చేతులు మాత్రం తీశారు. పువ్వు సగం అయ్యాక టిఫిన్లకి ఆపారు. ముఖం కడుక్కుని, జడలో కనకాంబరాలు తురుముకుని తిరిగొచ్చేసరికి ఆమె పీట మీద హైమ అనే నటి కూర్చుని ఉంది. పాలమీగడ రంగు పిల్ల. సూర్యకళ చీర లాంటిదే కట్టుకుని "ఈ లేసు అల్లింది నేను" అని వల్లిస్తోంది. మేకప్ మనిషి సూర్యకళ ముంజేతిని పట్టి గుంజి, హైమ చెంప పక్కన ఆనించి చూశాడు.

"ఇంకాస్త నలుపు కలపాలి" అన్నాడు.

గీతిక తల ఎత్తలేదు. "నిర్మాతలు ఒప్పుకోలేదండి. చేతులు మాత్రం మీవే ఉంటాయి" అంది.

సూర్యకళకి తల తీసేసినట్టయింది. ఆ రంగు పళ్ళేన్ని ఎత్తి మేకప్ వాడి ముఖాన కొట్టింది. "ముఖం అక్కర్లేనప్పుడు చేతులూ రావండి" అంది.

సినిమావాళ్ళ ముందు పరువు పోయిందని తాతాజీ రెచ్చిపోయాడు. "ఏంటే నీ వేషాలు" అని చెంప మీద ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లి రక్తం కారింది. ఆమె లేవబోతే జుట్టు పట్టి ఈడ్చుకుపోయాడు.

"అల్లవా? అయితే ఇక ఎప్పటికీ అల్లకు" అంటూ ఆమె కుడిచేతిని ఇనుప తలుపు సందులో పెట్టి తలుపు లాగాడు. ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. ఒక్క మగాడూ కదల్లేదు, థూ.

బొడ్లో దోపుకున్న సూదిని సూర్యకళ ఎడంచేత్తో లాగి వాడి అరచేతిలో దించింది. లేసు సూది చివర కొక్కెం ఉంటుంది. దిగడం తేలిక, రావడం కష్టం. వాడే పెరుక్కుంటే కండ కూడా ఊడొచ్చింది. తెల్లటి లేసు మూటల మీద ఇద్దరి రక్తం పడింది.

నరసాపురం ఆసుపత్రిలో మూడు వేళ్ళకి కట్టు కట్టారు. ఇక వంగవని డాక్టరు చెప్పేశాడు. పోలీసులు వచ్చి ఇద్దరి మాటలూ రాసుకుపోయారు.

అక్కడ షూటింగు ఆ సగం పువ్వు దగ్గరే ఆగిపోయింది. ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు మొదలెట్టిన పువ్వుని, ఆ మనిషి బతికుండగా ఇంకొకరు ముట్టరు. ఎవరి బిగువు వాళ్ళది, చెయ్యి మారితే పువ్వు ముడుచుకుపోతుంది. ఆ పువ్వు పూర్తి చెయ్యడానికి పక్కింటి మాణిక్యాంబని కూర్చోమన్నారు. కుళాయి దగ్గర సూర్యకళతో రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునే మనిషి ఆవిడ.

"అది ఇంకా చావలేదండి" అని మాణిక్యాంబ లేచిపోయింది. ఆవిడ వెనకే లేసు అల్లే తక్కిన ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయారు.

మూడో రోజు గీతిక ఆసుపత్రికి వచ్చింది. "తప్పయిపోయిందండి. ఏం చెయ్యమంటారో చెప్పండి" అంది.

"చెయ్యి పోయిందండి. ముఖమొక్కటే మిగిలింది. కావాలంటే తీసుకోండి."

"పెదవి వాచి ఉంది కదండీ. కాస్త తగ్గాక తీద్దాం."

"తగ్గాక వద్దండి. ఇప్పుడే."

కెమెరా తెచ్చి మంచం ఎదురుగా పెట్టారు. సూర్యకళ లేచి కూర్చుని, కట్టు కట్టిన చేతిని గుండెల మీద పెట్టుకుంది.

"ఈ లేసు అల్లింది నేను" అంది. అక్కడితో ఆపాలి. ఆమె ఆపలేదు.

"నా పేరు సూర్యకళ. ఈ చేత్తో ఇంక అల్లలేను. దీన్ని విరగ్గొట్టింది మా ఏజెంటు తాతాజీ. ముఖం వద్దు, చేతులు చాలన్నది ఈ కెమెరా వెనక నిలబడ్డ గీతికగారు."

గీతిక కట్ చెప్పలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. సూర్యకళ కెమెరా వైపే చూస్తూ, "అయిందాండీ?" అని అడిగింది.