అత్త పడుగుకు చెయ్యి పట్టేదెవరు?

మా మేనత్త జైలు నుంచి విడుదలై వచ్చినప్పటి నుంచి, పానగల్ రోడ్డు పక్కనున్న మా సాలెవాడలో మర్యాద విపరీతంగా పెరిగిపోయింది. పక్కింటావిడైతే "అక్కా, మీరు" తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. ఇంటి జాగా పంచాయితీలో మరిది తల పగలగొట్టి లోపలికి పోయింది అత్త. తల పగిలిన ఆయన బతికే ఉన్నాడు. ఆమె ఎదురుపడితే మాత్రం ఆ తలను గోడ వైపు తిప్పుకునేవాడు.

తప్పంతా టీవీది. వాడంతా నోరు తెరిచి చూసే నేరాల సీరియల్లో జైలు నుంచి వచ్చిన ఆడది ఊరికే ఉండదు. నల్లచీర కట్టి ఒక్కొక్కర్నీ వెతుకుతుంది. మా అత్త వచ్చీ రాగానే వెతికింది మగ్గం దుమ్ము దులిపే చీపురును. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు కూడా ఆ తేడా తెలిసింది.

మర్యాదతో కడుపు నిండదు కదా. పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పెట్టాలంటే దాన్ని వాడ పొడవునా చాచి, ఆరేలోపు కుంచెతో దువ్వాలి. ఇద్దరితో అయ్యే పని కాదు. ఈరోజు మీది మేం పడితే, రేపు మాది మీరు పడతారు, అదీ వాడ లెక్క. అత్త పిలిస్తే మాత్రం "అయ్యో అక్కా, మీ పడుగు మేం ముట్టుకునుడా!" అని తలుపులేసుకున్నారు. ఇట్లాగే సాగితే ఆమె మగ్గం అమ్ముకోవాల్సిందే.

ఆ పొద్దున గంజి పెట్టిన పడుగుకు అత్త ఒక కొస, నేనొక కొస. కుంచె అత్త చంకలో ఉంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అత్తమ్మా, మీ మరిదిని పిలువరాదు? ఇంకో చెయ్యి అయితది," అన్నాను.

"నోరు మూస్కొని గుంజురా!"

ఏళ్లుగా పడుగు ముట్టని చేతులు కదా, తనే అడ్డదిడ్డంగా గుంజింది. పోగులు పటపటా తెగాయి.

పక్కింటావిడ ఇక ఆపుకోలేకపోయింది. "నీ చేతులు పడిపోను! గట్ల గుంజుతరా ఎవలన్న? పడుగు పట్టుడు గూడ మర్సినవా?" అంటూ దూకి వచ్చి కుంచె లాక్కుంది. అంతలోనే ఎవరిని తిడుతోందో గుర్తొచ్చి ముఖం తెల్లబడింది. "అది కాదక్కా... మీరు..."

"మీరు గీరు బంద్ చెయ్యే," అంది అత్త. "తిట్టుకుంటనే జర దువ్వు. గంజి ఆరిపోతాంది."

ఆవిడ అత్త పుట్టింటివాళ్లను కూడా కలిపి తిట్టింది. వాళ్లలో నేనూ ఉన్నాను. అత్త అంతకు రెండింతలు తిట్టింది. ఆ అరుపులకు వాడలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో నేను పడుగు పెట్టాను.

పని అయిపోయాక పక్కింటావిడ చేతులు కడుక్కుంటూ, "రేపు మాది. పొద్దుగాలనే రావాలె. లేటయితే ఊకోను," అంది.

"ఏం జేస్తవే, జైల్ల ఏయిస్తవా?" అంది అత్త.